కాటుక కనుబొమలు

నిజామాబాద్ సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారు కోపంగా చూస్తుంటే, బోధన్‌లో చిన్నప్పుడు మా పక్కింట్లో ఉన్న రుబీనా గుర్తొచ్చింది.

వాళ్ల అబ్బా కొన్న కొత్త కారుకు ఏటవాలు దీపాలు, అచ్చం పులి కళ్లు. మా బాపు పాత కారుకు గుండ్రటి కళ్లు, ఎవరిని చూసినా నవ్వే మొహం.

"మీ కారు పండ్లికిలిస్తది. మాది సూడు, ఎట్ల గుర్రుమంటదో!" అంది రుబీనా. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ కాటుక డబ్బా తెచ్చి, మా కారు దీపాల పైన రెండు కోపపు కనుబొమలు దిద్దాను. వంపు తప్పి, కారు ఏడుపు మొహం పెట్టింది.

అంతలో బాపు వచ్చాడు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయనేమో మురిసిపోయి వాడకట్టునంతా పిలిచాడు.

"సూడుండ్రి! మన కారుకు దిష్టి తగులొద్దని నా బిడ్డ కాటుక పెట్టింది!"

చెరకు లారీల దుమ్ముకు దానంతట అదే చెరిగేదాకా ఎవరినీ తుడవనివ్వలేదు.

మా కారును చూసి కుళ్లుకునేవాళ్లు ఆ వాడలో ఎవరున్నారు? కుళ్లుకున్న కళ్లు నావే. నిజానికి ఆ కాటుక పెట్టాల్సింది రుబీనా వాళ్ల కారుకు.