దోర మావయ్య

మా మావయ్య మొదటి మాట నమ్మడు. ఎవరిదీ నమ్మడు, తనదీ నమ్మడు. సెంట్లు కలపడం ఆయన వృత్తి. ఒంటి మీద పడ్డ సెంటు ముందు కాయగా ఉంటుందనీ, తరవాత దోర అవుతుందనీ, ఆపైన పండుతుందనీ ఆయన సిద్ధాంతం. అక్కడితో ఆగినా బాగుండేది. లోకంలో ఉన్నవన్నీ అలాగే పండుతాయని పట్టుబట్టాడు.

"సినిమా ఎలా ఉంది మావయ్యా?" అంటే, "నిన్ననేగా చూశాను, ఇంకా కాయే" అంటాడు. వాన పడుతుందా అని అడిగితే కిటికీలోంచి తొంగి చూసి, "మబ్బు దోరగా ఉంది" అంటాడు. అందుకే మేం పనిచేసే సెంట్ల దుకాణంలో అందరికీ ఆయన దోర మావయ్య.

అత్తయ్య బాధ వేరు. "పెళ్లికి ముందు, నేను నచ్చానా అని అడిగాను. ఇప్పుడే ఎలా చెప్పను అన్నారు. ముగ్గురు పిల్లలు పుట్టారు, ఇంకా చెప్పలేదు."

"తొందరెందుకే" అంటాడు మావయ్య, పేపరు వెనకనుంచి.

ఆయన చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతి పైకి మడిచి ఉంటాయి. రెండు చేతులూ ఒంటికి తగలకుండా, గోళ్లరంగు ఆరబెట్టుకుంటున్న పెళ్లికూతురిలా నడుస్తాడు. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు నాడి చూడబోయాడు.

"ఆ చెయ్యి కాదండీ, అక్కడ సంపెంగ ఉంది."

"సరే, ఇది?"

"అయ్యో, అక్కడ జాజి. ఇప్పుడిప్పుడే లేస్తోంది."

"మరి నాడి ఎక్కడ చూడమంటారు?"

"కాలు ఖాళీగానే ఉంది" అన్నాడు మావయ్య, ఎంతో మర్యాదగా.

ఆ వేసవిలో ఆయన తెల్లపూల సెంటు ఒకటి కలిపాడు. అద్దుకోగానే తరిగిన ఆకుల పచ్చిదనం, నిమ్మతొక్క చురుకు. అది తెర మాత్రమే. కాసేపటికి తెర తొలగి మల్లె, సన్నజాజి, గంధరాజం ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని వస్తాయి. చివరికి పూలు వెళ్లిపోయి, పూలున్న గది మిగులుతుంది. ఉతికి ఆరేసిన బట్ట, కాస్త గంధం, ఎవరి ఒంటి వెచ్చదనం వాళ్లది.

"మల్లెలో పిసరంత కుళ్లు వాసన ఉంటుందిరా" అనేవాడు నాతో. సీసాలు నింపడం నా పని. "అది తీసేశామా, మిగిలేది సబ్బే."

ఆ సెంటు చూడడానికి పెద్ద వ్యాపారి ఒకాయన వచ్చాడు. కౌంటర్ దగ్గర కొత్తగా చేరిన అక్క కాగితం ముక్క మీద చుక్క వేసి ఇచ్చింది. ఆయన వాసన చూసి, "నీకెలా ఉందమ్మా?" అని అడిగాడు.

అక్కకి అబద్ధం అలవాటు లేదు. "కీరదోసకాయ తరిగినట్టుందండీ."

వ్యాపారి పగలబడి నవ్వాడు. "దోసకాయలు మా వీధి చివరే దొరుకుతాయి" అంటూ వెళ్లిపోయాడు.

దుకాణం నడిపే మా మేడం మొహం ఎర్రబడింది. "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు" అంది.

అక్క ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే. మేకుకి తగిలించిన సంచీ తీసుకోబోయింది. అప్పుడు మావయ్య లోపలి గదిలోంచి సీసా పట్టుకుని వచ్చాడు.

"మేడం, చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. కోపంలో ఒళ్లు వేడిగా ఉంటుంది, సెంటు బాగా లేస్తుంది."

మేడం ఇంకా తిట్టుకుంటూనే చెయ్యి చాపింది. మావయ్య మణికట్టు మీద చుక్క వేశాడు.

"ఏమొస్తోంది?"

"దో..." అని మేడం నాలిక కరుచుకుంది. నేను తుడిచిన సీసానే మళ్లీ తుడిచాను.

"దోరా? అప్పుడే ఎక్కడ! ఇంకా కాయే" అన్నాడు మావయ్య. "రుద్దకండి. కూర్చోండి. అమ్మా, ఆ సంచీ అక్కడ పెట్టి నువ్వూ కూర్చో. ఏరా, నువ్వూ ఒక చుక్క వేసుకో."

అక్క చేతి మీదా ఒక చుక్క వేశాడు. మేడం, అక్క పక్కపక్కనే, బల్ల మీద చెరో చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఫ్యాన్ ఒక్కటే మాట్లాడుతోంది.

కాసేపటికి మేడం మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. "మల్లె వస్తోంది!" అంది. ఉండబట్టలేక అక్క వైపు తిరిగింది. "నీకూ అదేనా?"

"నాకు జాజి అండీ. చల్లగా ఉంది."

"ఏదీ?" మేడం వంగి అక్క చేతి వాసన చూసింది. "నిజమే! మావయ్యగారూ, ఒకే సీసా కదా?"

"వాన ఒకటే మేడం. నేలలు వేరు."

మేడం అక్క చెయ్యి వదల్లేదు. "ఇంత చల్లగా ఉందేం? పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"పిల్లకి పెట్టి వచ్చేసరికి టైమైపోయిందండీ..."

మేడం ఆ చెయ్యి పట్టుకునే ఇటు తిరిగింది. "పండిందా మావయ్యగారూ?" అంది.

"ఇంకా దోరే" అన్నాడాయన.

మేడం అక్క పిల్ల ఏం చదువుతోందో అడిగింది. పిల్లకి దగ్గని అక్క చెప్పింది. మేడం తన పిల్లాడి దగ్గు సంగతి చెప్పింది. మళ్లీ ఇటు తిరిగి, "ఇప్పుడో?" అంది.

"ఇంకా దోరే."

చివరికి మేడమే లేచింది. "రేపు తిని రా. ఆయన మళ్లీ వస్తే కాగితం ఇవ్వకు, చేతి మీద వేసి కూర్చోబెట్టు. దోసకాయ అని మాత్రం అనకు తల్లీ!"

"మరేమనాలండీ?"

"ఇంకా కాయే అను."

అక్క సంచీ తీసుకుని నవ్వుకుంటూ ఇంటికి వెళ్లింది. మేడం తన గదిలోకి వెళ్తూ వెళ్తూ ఇంకోసారి చెయ్యి వాసన చూసుకుంది. నేను మావయ్య దగ్గర చేరాను.

"మావయ్యా, నా చేతి మీద ఎప్పుడో పండింది. వాళ్లకెందుకు అంతసేపు పట్టింది?"

"వాళ్లకీ ఎప్పుడో పండిందిరా."

"మరి అడిగినప్పుడల్లా ఇంకా దోరే, ఇంకా దోరే అన్నావు?"

మావయ్య సీసాకి మూత బిగించాడు.

"నేనన్నది మేడం సంగతి."