పాత ఇంక్లైను మలుపులో ఆరిపోయే లైటు

సామ్యేలుకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా ఒప్పుకునే మనిషి కాదు. కొత్తగూడెంలో పుట్టి, అరవై రెండులో గోదావరిఖనికి బదిలీ మీద వచ్చిన పాతకాపు. గని మీద లాంపు రూములో పని. షిఫ్టుకు దిగే ప్రతివాడూ తన నంబరు బిళ్ళ సామ్యేలు కిటికీలో ఇచ్చి, నడుముకు కట్టే బ్యాటరీకి తీగతో కలిపిన, తలకు పెట్టుకునే లాంపు తీసుకోవాలి. పైకి వచ్చాక లాంపు ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. ఎవరి బిళ్ళ మిగిలిపోతే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క.

డ్యూటీ దిగాక ఇంటి ముందు మోటారు సైకిళ్ల లైట్లు బాగుచేసేవాడు. కాలనీ మొత్తం మీద ఏడెనిమిది బండ్లుంటే గొప్ప. ఇంజను సంగతి తనకు అక్కర్లేదు, వెలుతురు పోతే మాత్రం తన దగ్గరికే రావాలి. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే. ఎవడైనా సొంత తెలివితో తీగలు కెలికి తెచ్చాడా, వాడికి ఆ పూట తిట్లతోనే కడుపు నిండేది.

డెబ్బై మూడులో, వానలు ముదిరిన రోజుల్లో, నర్సింగం తన రాజ్‌దూత్‌ను తోసుకుంటూ వచ్చాడు. గనిలో ఒక జట్టును నడిపే సర్దారు అతను. అంతటి మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, లైటు పోతంది."

"పోతె బల్బు మార్చు. గీ ముచ్చటకు ఇంత దూరం తోసుకొచ్చినవా?"

"బల్బు మంచిగనే ఉన్నది. పాత ఇంక్లైను మలుపు కాడనే పోతంది. మలుపు దాటంగనే దానంతటదే వస్తంది. నాలుగు దినాల సంది గిదే. గది కొమురెల్లి పనే అన్నా!"

సామ్యేలు చేతిలో పానా ఆగిపోయింది.

కొమురెల్లి మూడేళ్ల కింద ఆ ఇంక్లైనులోనే, గనిలోకి ఏటవాలుగా దిగే ఆ సొరంగంలోనే, పైకప్పు కూలి చచ్చిపోయాడు. బొగ్గు తీసేసి వదిలిన చోట, అడ్డకర్రలు కట్టి ఎవరూ పోకూడదన్న చోట, బండల కింద దొరికాడు. లాంపు పచ్చడి పచ్చడి అయిపోయింది. అడ్డకర్రలు దాటి ఎందుకు పోయినట్టు? డ్యూటీ ఎగ్గొట్టి పడుకోవడానికే పోయాడని విచారణలో తేల్చారు. తప్పంతా అతనిదే అని రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆ ఇంక్లైను నోరు ఇటుకలతో మూసేశారు.

"నా ఇంటాయన డ్యూటీల రెప్ప మూసెటోడు కాదు" అని భార్య మల్లక్క తిరగని ఆఫీసు లేదు, పట్టుకోని కాలు లేదు. ఎవరు విన్నారు గనక! నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమె చెవిన పడేలాగే "పండుకోని సచ్చినోడు" అనేవారు. అందుకే లైటు ఆరిపోతోందని తెలిసి కాలనీ అంతా ఆ దారి మానేస్తే, మల్లక్క ఒక్కతే సంబరపడింది. "నా మాట ఎవ్వలు ఇనలే. ఇగ ఆయినెనే వచ్చి చెప్తడు" అంది.

"దయ్యమూ లేదు, దాని తాతా లేడు" అని నర్సింగాన్ని కసిరి, దీపాలు పెట్టే వేళకు సామ్యేలే బండి తీశాడు.

మలుపు దగ్గర రోడ్డు మీదంతా బురద. బండి బాగా నెమ్మది చేసి, హ్యాండిల్ ఎడమ పక్కకు పూర్తిగా తిప్పితేగానీ తిరగదు. తిప్పాడు. ఎవరో నోటితో ఊదినట్టు లైటు ఆరిపోయింది. పక్కనే మూసేసిన ఇంక్లైను. లోపలినుంచి తడి బొగ్గు వాసన వస్తోంది. గాలి లేదు, అయినా ఇటుకల పక్కన తుప్పలు కదులుతున్నాయి.

"ఎవలది?" అని అరిచేశాడు సామ్యేలు. అరిచినందుకు తనకే సిగ్గేసింది.

మలుపు దాటగానే లైటు వెలిగింది. బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు. ఈసారి ఆరలేదు. మళ్లీ మొదటి దారినే పోయాడు. ఆరింది! ఒక పక్కనుంచి వచ్చేవాళ్లనే ఎవరో ఎంచి ఎంచి ఆపుతున్నట్టుంది. యేసు నామం పైకే తలుచుకుంటూ ఇంటికి వచ్చి పడ్డాడు.

వాకిట్లో బండిని స్టాండు మీద నిలబెట్టి ఇంజను ఆన్ చేశాడు. లైటు దివ్యంగా వెలుగుతోంది. బల్బు బిగువుగానే ఉంది. బ్యాటరీ తీగలు శుభ్రం. స్విచ్చు వందసార్లు నొక్కాడు. ఎక్కడా వంక లేదు. వంక లేకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"వాకిట్ల అడ్డం పెట్టినవ్, బిందెతోని నేనెట్ల రావాలె?" అంటూ అతని భార్య యేసమ్మ వచ్చి, హ్యాండిల్‌ను ఎడమ పక్కకు నెట్టింది.

లైటు ఆరిపోయింది.

సామ్యేలు హ్యాండిల్ తిన్నగా పెట్టాడు. వెలిగింది. ఎడమకు తిప్పాడు, ఆరింది. హెడ్‌లైటు వెనక, హ్యాండిల్ మెడ దగ్గర వంగే తీగను కత్తితో చీల్చాడు. పైన రబ్బరు నిగనిగలాడుతోంది, లోపల రాగి తెగి ఉంది. తిన్నగా ఉన్నంతసేపు తెగిన కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. వంగితే విడిపోతాయి. అంతే సంగతి.

"దొరికిందా?" అంది యేసమ్మ.

దొరికింది. కానీ సామ్యేలు కత్తి కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. చచ్చిపోయే ముందు రోజు కొమురెల్లి కిటికీ దగ్గర నిలబడి, "సామ్యేలన్నా, నా లాంపు నడుమ నడుమ పోతంది" అన్నాడు. సామ్యేలు దాన్ని బల్ల మీద, అన్ని లాంపులనూ చూసినట్టే, తీగ తిన్నగా పరిచి వెలిగించి చూశాడు. బ్రహ్మాండంగా వెలిగింది. వెనక యాభై మంది వరుసలో ఉన్నారు. ఎవరి తీగనైనా వంచి చూసే తీరిక ఎప్పుడుంది? "మంచిగనే ఉంది, తీస్కపో. లాంపు మీద నెట్టి పని ఎగ్గొడ్తవా?" అని నలుగురిలో నవ్వించాడు కూడా. మర్నాడు అదే లాంపు ఇచ్చి పంపాడు. విచారణలో లాంపు బాగుందని ప్రమాణం చేసి చెప్పాడు. కొమురెల్లి మొర పెట్టుకున్న సంగతి మాత్రం మింగేశాడు.

గనిలో తల వంచకుండా ఎవడు నడుస్తాడు? తల వంచితే తీగ వంగుతుంది. చీకట్లో దారి తప్పి, గోడలు తడుముకుంటూ, అడ్డకర్రలు తగిలినా ఏమిటో తెలియక దాటిపోయాడు.

"చెప్తవా ఏంది?" అంది ఇదంతా అతని నోట విన్న యేసమ్మ. "కొలువు పోతది. క్వార్టరు పోతది."

"పోతె పోనీ యేసమ్మా. గాయినె పండుకోలే."

తెల్లారి తీగ మార్చాడు. సాయంత్రం దాకా ధైర్యం చాలక, పొద్దు గూకాక ఆ బండి మీదే మల్లక్క ఇంటికి పోయి, నిలబడే అంతా చెప్పేశాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వింది.

"ఎంతసేపు తిరిగిండో చీకట్ల?" అంది చివరికి.

చాటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరి, తలెత్తి అతన్ని చూసింది.

"మూడేండ్లు ఆయినెను పండుకున్నోడన్నరు. ఊకె ఇనుకుంట ఆ కిటికీల కూసున్నవ్. నీకు అన్నమెట్ల దిగిందన్నా?" చాట విసిరికొట్టింది. బియ్యం గదంతా చెదిరిపోయాయి. "బండి తీయి. నాకు చెప్పింది మేనేజరు ముంగట చెప్పు. జల్ది నడువు."

పరాయి మగవాడి బండి ఎక్కితే లోకం ఏమంటుందోనని సామ్యేలు వెనకాడాడు. ఆమె వెనకాడలేదు. కొంగు నడుముకు దోపుకుని ఎక్కి కూర్చుంది.

మేనేజరు బంగ్లాకు ఆ మలుపు మీదుగానే పోవాలి. సామ్యేలు హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. వెలుతురు ఇటుకల గోడ మీద పడి, తుప్పల మీదుగా జారి, మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆరలేదు. మల్లక్క చెయ్యి అతని భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఆయినె ఈడ లేడా?"

"లేడు మల్లక్కా. తీగె తెగింది, గంతే."

అప్పుడు ఏడ్చింది. మూడేళ్లలో ఏ ఆఫీసు ముందూ ఏడవనంత గట్టిగా ఏడ్చింది. సామ్యేలు బ్రేకు మీద కాలు వేశాడు.

"ఆపకు" అంది మల్లక్క. "దొర పండుకుంటడు. పోనీ."