హాలంతా వినేలా
అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకునే రోజుల్లో నాకు నాలుగు నెలలు నెలసరి రాలేదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి వెళితే, కౌంటర్‌లో ఆవిడ హాలంతా వినేలా, "నాలుగు నెల్ల సంది డేట్ రాని పిల్ల ఎవరు?" అని అరిచింది. పక్కనున్న పెద్దావిడ నా మెడకేసి చూసి, "పెండ్లయిందా బిడ్డా?" అంది. డాక్టరును చూడకుండానే పారిపోయాను.

ఆ మంటతోనే పదేళ్లకు ఒక డాక్టరమ్మతో కలిసి అమీర్‌పేటలో ఆడవాళ్ల క్లినిక్ తెరిచాను. సమస్య చీటీ మీద రాయించండి, నంబరుతోనే పిలవండి అని స్టాఫ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. తీరా మొదటిరోజు హడావుడిలో మొదటి చీటీ చదివి, "డేట్ రానిది ఎవరికమ్మా?" అని కేకేసింది నేనే!

నా నోరు పడిపోను! ఒకమ్మాయి బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది. చెప్పుల్లేకుండా బస్టాపు దాకా పరిగెత్తి పట్టుకున్నాను. పంజాగుట్టలో నా వెనక ఎవరూ రాలేదు మరి.