బస్సు కాపురమూ, ట్వంటే బియ్యమూ

మొన్న సాయంత్రం కరెంటు పోయి, ఇంట్లో ఉండలేక మెట్ల దగ్గర చాప పరుచుకుని కూర్చున్నాం. మా అబ్బాయి కూతురు తన ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. ఏదో దేశంలో తల నెరిసిన మొగుడూ పెళ్ళాం ఒక పెద్ద బండిలో కాపురం ఉంటున్నారు. అందులో మంచం ఉంది, పొయ్యి ఉంది, చేతులు కడుక్కునే తొట్టి ఉంది, కిటికీకి పూల తెర కూడా ఉంది. ఆవిడ లోపల కాఫీ కలుపుతుంటే ఆయన బయట మడత కుర్చీలో కూర్చుని కొండలు చూస్తున్నాడు. మా మనవరాలు సగం బర్మా భాషలో సగం తెలుగులో అడిగింది, నువ్వూ తాతా కూడా ఇలాగే తిరిగారట కదా, ఆ ఫొటోలు ఏవీ అని. పక్కనే ఉన్న మా ఆయన గర్వంగా మీసం సవరించుకున్నారు. నేను మాత్రం పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయినదానిలా లేచి లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ వేసవి మాట ఎవరెత్తినా నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మా ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ యాంగోన్, అంటే పాత రంగూన్, నుంచి మింగళాడోన్ వైపు వెళ్ళే లైన్లో బస్సు నడిపారు. నేను బర్మా బళ్ళో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాను. ఆయన రిటైరయ్యేసరికి ఆయన బస్సూ రిటైరైంది. పాత ఇనుము కింద పోవలసిన ఆ బస్సును ఆయన బేరమాడి మా వీధిలోకి తోలుకొచ్చిన రోజున, పిచ్చికుక్కేమైనా కరిచిందేమో అని మనిషిని ఎగాదిగా చూశాను. సీట్లు పీకించి బల్ల మంచం బిగించారు. ఓ మూల గ్యాసు పొయ్యి, మీద నీళ్ళ డ్రమ్ము. తెరల గుడ్డ కొనడం దండగని నా పాత లుంగీలు కోసి కిటికీలకు వేలాడదీశారు. బర్మా మగవాళ్ళు, మగసిరి పోతుందని, ఆడవాళ్ళ లుంగీ కింద నుంచి నడవరు, దాని దరిదాపులకు కూడా రారు. అందుకని దొంగల భయం లేదని ఆయన లెక్క. ఆ లెక్క నిజమే అయింది కానీ, నేను కట్టి విడిచిన లుంగీలు జెండాల్లా ఊరంతా ఊరేగుతుంటే నా ప్రాణం చచ్చిపోయేది.

ఇదంతా ఎందుకయ్యా అంటే గాలి కోసం. మాది పై అంతస్తు, నెత్తిన రేకు. వేసవిలో కరెంటు ఉండదు, కరెంటు లేకపోతే మోటారు నడవదు, మోటారు నడవకపోతే నీళ్ళు ఎక్కవు. గాలి ఎక్కడుంటే ఇల్లు అక్కడికే తోలుకుపోదాం అన్నారాయన. ఇంత వయసొచ్చాక ఇంకెప్పుడు తిరుగుతామే అని కూడా అన్నారు. ఆ రెండో మాటకు నేను మెత్తబడ్డాను.

మొదట మింగళాడోన్ వైపే వెళ్ళాం. చేతులకు అలవాటైన దారి కదా, బస్‌స్టాపు కనబడితే చాలు, మా ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయేది. జనం కూడా పాత రంగు చూసి చెయ్యెత్తేవారు. ఒకసారి మార్కెట్టు బుట్టతో ఒక బర్మా ఆవిడ చకచకా ఎక్కేసింది. లోపల మంచం, మంచం మీద ఉల్లిపాయలు తరుగుతున్న నేను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏమనుకుందో ఏమో, వచ్చి మంచం అంచున ఒద్దికగా కూర్చుంది. రెండు స్టాపులు వెళ్ళాక దిగుతూ టిక్కెట్టు ఎంత అని అడిగింది. నేను ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను. మా ఆయన ఈ సంగతి ఎక్కడికెళ్ళినా చెప్పి నవ్వించేవారు. అక్కడి నుంచి తన్లిన్ వెళ్ళి ఏటి ఒడ్డున ఉన్నాం. గాలికి లోటు లేదు. కానీ స్నానానికి రోడ్డు పక్క పంపు దగ్గర లుంగీ గుండెలదాకా ఎగగట్టుకుని కూర్చోవాలి, మిగతా అవసరాలకు టీ కొట్టువాళ్ళను బతిమాలుకోవాలి. ఊరికే అడగడానికి మొహమాటపడి టీ తాగేవాళ్ళం, తాగిన టీ వల్ల మళ్ళీ ఇంకో కొట్టు వెతుక్కునేవాళ్ళం. ఒక ఉదయం అలా పంపు దగ్గర తడిసి ముద్దై ఉండగా, నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతె, ఇద్దరు బిడ్డల తల్లి ఇప్పుడు, "సయామా" అని పలకరించి రెండు చేతులూ జోడించింది. పంతులమ్మను కదా అని నమస్కారానికి బదులు నమస్కారం చేయబోతే లుంగీ జారింది.

ఆ సిగ్గులు నవ్వుకుంటే పోయేవి. ట్వంటేలో జరిగింది అలాంటిది కాదు.

ట్వంటేలో మా అమ్మాయి అత్తవారిల్లు. కుండల వ్యాపారం, కాలువ పక్క ఇల్లు, నెమ్మదస్తులు. అమ్మాయికి ఏడో నెల. తొలికాన్పు కాబట్టి పురిటికి మా ఇంటికి తీసుకువెళ్ళాలి, ఎలాగూ తిరుగుతున్నాం కదా, ఆ దారిన పోయి మాట్లాడి వద్దాం అనుకున్నాం. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు ఆ ఇంట్లో నిద్ర చేయకూడదు, కంచంలో చేయి పెట్టకూడదు. మేం బాప్టిస్టులమై ఎన్ని తరాలైనా శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చిన ఆ పట్టింపు మాత్రం మా ఆయన వైపువాళ్ళను వదిలిపోలేదు. వియ్యాలవారి వైపు అలాంటిదేదీ లేదు. వాళ్ళు రమ్మని ఎంత పిలిచినా మా ఆయన బస్సును వీధిలో చర్చి గోడ పక్కన నిలిపి, మా వంట మేం వండుకుని, అక్కడే పడుకున్నారు. ఆచారం తప్పకుండా ఉండే ఉపాయం దొరికిందని ఆయనకు మహా సంతోషం. నేనూ అందుకు సరేనన్నాను. ఎండలకు నల్లబడి, మాసిన బట్టలు బస్సు అద్దానికి ఆరేసుకుని, బక్కెట్టు పట్టుకుని నీళ్ళకు పోయే మమ్మల్ని ఆ వీధి ఎలా చూస్తోందో మా ఇద్దరికీ తట్టలేదు. ఆ ఏడాది ఎక్కడెక్కడి నుంచో ఇళ్ళు పోయి, దొరికిన బళ్ళలో సామాను వేసుకుని వచ్చిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

ముందుగా తట్టింది మా అమ్మాయికే. బరువు కాళ్ళతో బస్సు మెట్లెక్కి వచ్చి, మంచం మీద కూర్చుని, ముఖం పక్కకు తిప్పుకుని అడిగింది.

"ఇల్లున్నోలు ఎవులైనా రోడ్డు మీద కాపరం పెడతారేటే అమ్మా? మీకేటైపోనాదని ఈదిలో అందరూ నన్నడుగుతున్నారు. నానేటి సెప్పను?"

ఉన్నమాట చెప్పమన్నాను. చెప్పిందట, ఎవరూ నమ్మలేదట. పుట్టింటి పరువు కోసం పిల్ల అబద్ధమాడుతోందని ఇంకా జాలిపడ్డారట. అది విని నాకు నవ్వొచ్చింది కూడా. ఆదివారం దాకా నవ్వొచ్చింది.

ఆదివారం చర్చిలో సయాగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన మధ్యలో గొంతు తగ్గించి, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బండిలో తలదాచుకుంటున్న మన వియ్యాలవారి కోసం ప్రార్థిద్దాం అన్నారు. పాపం ఎవరో అని నేను కళ్ళు తెరిచి వెనక్కి చూశాను. వెనక అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయనకు ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఒక చెవి సరిగా వినబడదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే. ఆ తరవాత ఆడవాళ్ళు పిడికెడు బియ్యం మూట తెచ్చి ముందు పెట్టారు. మాలో ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు విడిగా తీసి డబ్బాలో వేస్తుంది. అవన్నీ కలిపి, లేనివాళ్ళకు ప్రార్థన చేసి ఇస్తారు. యాంగోన్‌లో నేనూ వేస్తాను. ఇన్నేళ్ళూ వేసిన చేతితోనే ఆ మూట అందుకున్నాను. లేచి మాకు ఇల్లుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఒక ముసలావిడ నా భుజం మీద చెయ్యి వేసి ఏడుస్తోంది. ఆవిడ కళ్ళ ముందు ఆ మాట మింగేసి మూటను చంకన పెట్టుకున్నాను. భూమి చీలితే బాగుండునని అందరూ అంటుంటే విన్నాను గానీ, ఆ రోజు నిజంగా కాళ్ళ కింద నేల వైపు చూశాను.

చర్చి నుంచి వాళ్ళింటికి వచ్చాక వియ్యపురాలు నన్ను పెరట్లోకి తీసుకువెళ్ళింది. చాలా మంచి మనిషి. ఆ మంచితనమే నన్ను చంపింది.

"వదినా, పిల్లని ఏటికని తీసుకెల్తావు, ఆ బస్సులోకా? పురుడు ఇక్కడే పోస్తాం. నువ్వూ అన్నయ్యా కూడా ఎనక గదిలో ఉండిపోండి. మనలో మనకి సిగ్గేటి?"

మాకు ఇల్లు నిక్షేపంగా ఉంది, ఊరికే తిరగడానికి వచ్చాం అన్నాను. అలాగే వదినా, అలాగే అని నా చేయి నిమిరింది. ఎంత గట్టిగా చెబితే అంత మెత్తగా తలూపింది. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. నా కూతురి తొలికాన్పు నా చేతుల మీద జరగదు. పైగా దిక్కులేనివాళ్ళ కూతురన్న పేరుతో అది ఆ ఇంట్లో బతకాలి. అప్పుడిక మొహమాటం వదిలేసి, రా వదినా, వచ్చి నీ కళ్ళతో చూడు అన్నాను. నా మనసు నొప్పించలేక బయలుదేరింది. బియ్యం మూట కూడా బస్సెక్కింది.

వంతెనలు దాటి యాంగోన్ చేరేదాకా ఆవిడ మంచం అంచున బియ్యం మూట పట్టుకుని కూర్చుంది. మా మెట్లన్నీ ఎక్కి, నేను తాళం తీస్తుంటే అప్పటికీ జాలిగానే చూస్తోంది. తలుపు తెరుచుకుంది. పందిరి మంచం, అద్దాల బీరువా, నా కుట్టుమిషను, గోడ మీద బడివాళ్ళు ఇచ్చిన గడియారం. ఆవిడ ప్రతి గదీ చూసింది. వంటింట్లో నా పిడికెడు బియ్యం డబ్బా కూడా చూసింది. అప్పుడు ఆవిడ ముఖంలో జాలి పోయింది. నేను ఎదురుచూసిన నవ్వు మాత్రం రాలేదు.

"ఇల్లుండి, మంచముండి, బస్సులో ఎందుకు తొంగున్నారు వదినా?"

"గాలి కోసం," అన్నాను.

"గాలి కోసం," అని ఆవిడ మెల్లగా తనలో తను అనుకుంది. "మా సంగంలో కూలికెల్లి తెచ్చుకున్న ముసిలోలు కూడా నీ పేరున పిడికెడు తీసినారు. గాలి కోసమని ఆలకి నానేటి సెప్పగల్ను?" అంది.

కోపంగా అన్నా బాగుండేది. నేను మూట వెనక్కి తీసుకువెళ్ళమన్నాను. ప్రార్థన చేసి ఇచ్చినది తిరిగి తీసుకోరని ఆవిడే చెప్పింది, ఆ సంగతి నాకు తెలియనట్టు. మీ పేరున ఇచ్చారు, ఒక్క పూటైనా మీరు తినాలంది. ఆవిడే గిన్నె అడిగి బియ్యం కడిగింది. నేను గోంగూర వేయించాను. ఎన్నో ఇళ్ళ బియ్యం కదా, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, కొన్ని ఉప్పుడువి. కొన్ని మెతుకులు జావై, కొన్ని పలుకుగా మిగిలాయి. ముగ్గురం కింద కూర్చుని ఆ అన్నం తిన్నాం. మా ఆయన జోకులు మానేశారు. ఒక్కొక్క పలుకు పంటి కింద పడ్డప్పుడల్లా ఇది ఏ ఇంటిదో అనిపించేది. కంచంలో వదలడానికి ధైర్యం లేక మొత్తం తిన్నాను. మిగతా మూటను ఆ సాయంత్రమే మా ఆయన, ఊరి చివర నిజంగా ఇళ్ళు పోయి ఉంటున్న కుటుంబాలకు ఇచ్చి వచ్చారు.

వెళ్ళేటప్పుడు వియ్యపురాలు పిల్లను పురిటికి పంపుతానంది. పంపింది కూడా. కాన్పు మా ఇంట్లోనే సుఖంగా జరిగింది. కానీ గుమ్మం దాటబోతూ ఒక మాట అడిగింది. "ఆలకి మాత్రం సెప్పకు వదినా. అంత ప్రేమగా ఇచ్చినోల్ని నవ్వులపాలు సెయ్యలేను. అడిగితే, దేవుడు మల్లీ ఇల్లిచ్చినాడని సెప్పు."

నేను తలూపాను. తరవాతి వేసవికి మా ఆయన బస్సు తుడిచి సిద్ధం చేశారు గానీ నేను మెట్టెక్కలేదు. ఆయనా బలవంతపెట్టలేదు. ట్వంటేకు మాత్రం ఏటా వెళ్తున్నాను, ఇప్పుడు మామూలు బస్సులో. చర్చి అయ్యాక ఆ ముసలమ్మలు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంటారు. ఇల్లు దొరికిందా, వానకు కురవడం లేదు కదా అని అడుగుతారు. దొరికింది పెద్దమ్మా, కురవడం లేదు అంటాను. నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చిన ఆవిడైతే నా కోసం ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నానని కిందటేడు చెప్పింది. ఈ ఏడు వెళ్తే ఆవిడ లేదు. కాలం గడిస్తే సిగ్గు తగ్గుతుందంటారు. నా దగ్గర సిగ్గును అలాగే ఉంచి, నిజం చెప్పుకోవలసిన మనుషులను ఒక్కొక్కరినే కాలం తీసుకుపోతోంది.