గంగప్ప తుడవని బొట్టు

మా సెంటర్లో విమానం ఉంది కాని అది ఎగరదు. హూడిలో ఒక మేడ మీద, రెండో అంతస్తులో, నేలకు బోల్టులు బిగించిన కాక్‌పిట్ అది. ముందు అద్దం, అద్దం అవతల తెర, తెర మీద ఆకాశమూ రన్‌వే. పైలట్లు కావాలనుకునే పిల్లలు ఇందులో గంటలకొద్దీ కూర్చుని నేర్చుకుంటారు. వాళ్లకు టైమ్ టేబుల్ వేయడం నా పని. ఆ యంత్రాన్ని పదకొండేళ్లుగా చూసుకుంటున్నవాడు గంగప్ప.

గంగప్పది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. తాతల కాలంలో మగ్గాలు నేసినవాళ్లు. నోట్లో నాలుక లేని మనిషి. శిక్షకుడు గాలి పెంచమంటే బల్ల దగ్గర కూర్చుని పెంచుతాడు, వాన కురిపించమంటే కురిపిస్తాడు. ఇంద్రుడి పనీ వాయుదేవుడి పనీ ఒక్కడే చేస్తూ ఒక్క సెలవు అడగడం కూడా చేతకాదని నేను ఏడిపించేదాన్ని. నవ్వేవాడు, అంతే.

కిందటేడు ఆయుధపూజకు ఆయన భార్య కదిరమ్మ కూడా వచ్చింది. కాక్‌పిట్‌కు చామంతి దండ వేశాం, మామిడాకులు కట్టాం. పైలట్ సీట్లో కూర్చోబెడితే ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయింది. నూనెలో కలిపిన కుంకుమ వేలితో తీసుకుని, తన కళ్లకు సూటిగా ఎదురుగా అద్దం మీద బొట్టు పెట్టింది. కార్తీకమాసంలో మూడు రోజుల జ్వరంతో పోయింది.

దినాలు అయిన మర్నాడే గంగప్ప పనిలోకి వచ్చేశాడు. ఏడవలేదు. శ్మశానంలో కూడా ఏడవలేదని వాళ్ల చుట్టాలు చెవులు కొరుక్కున్నారట. ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండొచ్చు కదా అని అడిగాను.

"ఇంట్లో ఉన్నా ఇంతేనమ్మా ఆశా. ఏమీ అనిపించేదే లేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు ఉండాది" అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. డబ్బా తెరిచి తింటాడు, ఏం తిన్నావంటే గుర్తుండదు. రోజూ పొద్దున్నే అద్దం తుడుస్తాడు. ఆ బొట్టు దాకా వచ్చాక గుడ్డ దాని చుట్టూ గుండ్రంగా తిరిగి వెళ్లిపోతుంది.

ఆషాఢం గాలులు మొదలయ్యాక వర్షిణి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. ఈ కాక్‌పిట్‌లోనే నలభై గంటలు నేర్చుకుని అసలు విమానం ఎక్కిన పిల్ల. అక్కడ రెండు పరీక్షల్లోనూ పక్కగాలికి రన్‌వే మీది నుంచి జారిపోబోతే పక్కనున్న పరీక్షకుడు విమానం తన చేతిలోకి తీసుకుని దించాడు. శనివారం మూడో పరీక్ష. అది కూడా పోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. ఉన్నది మూడు రోజులు.

పక్కగాలిలో దిగడం వాగు దాటడం లాంటిది. ఎదురొడ్డున చేరాల్సిన చోటికే చూస్తూ నడిస్తే నీళ్లు కిందికి లాక్కుపోతాయి. గాలి కుడి నుంచి కొడితే విమానం ముక్కు కుడికి తిప్పి ఉంచాలి. అప్పుడు రన్‌వే కళ్లెదుట ఉండదు, ఎడమ పక్కన కనిపిస్తుంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, నేలను తాకబోయే ముందు మాత్రమే కుడి రెక్క కాస్త దించి, ఎడమ పెడల్ తొక్కి ముక్కు సరిచేయాలి. వర్షిణి అంతసేపు ఆగదు. దూరం నుంచే ముక్కు రన్‌వే వైపు తిప్పేస్తుంది, గాలి ఎడమకు తోసేస్తుంది. తొమ్మిదిసార్లు గడ్డిలో దిగింది. మా శిక్షకుడు కెప్టెన్ అమరనాథ్‌కు ఓపిక తక్కువ. కాళ్లు నిద్రపోతున్నాయా అని ఒకటే కేకలు. అరిస్తే పాఠం వస్తుందనుకునే రకం ఆయన. నాకు ఒళ్లు మండింది కాని టైమ్ టేబుల్ మనిషి మాట ఎవరు వింటారు?

పదోసారి తెర ఉన్నట్టుండి నిలిచిపోయింది. ఆపింది గంగప్ప. పదకొండేళ్లలో శిక్షకుడు చెప్పకుండా ఆయన బటన్ నొక్కడం అదే మొదలు. లేచి కాక్‌పిట్ దగ్గరికి వచ్చాడు.

"రన్‌వేని ఆ బొట్టు కిందికి తెస్తా ఉండావు తల్లీ. గాలి లేనప్పుడు అది ఆడే ఉంటాది. గాలిలో ఆడ ఉండకూడదు" అన్నాడు.

వర్షిణి బొట్టు వంక చూసింది. నిజమే. అసలు విమానంలోనైతే పక్క కిటికీలో నేల కనిపించి ఎటు జారుతున్నామో తెలుస్తుంది. మా తెర ఎడమకు ఇరవై డిగ్రీలు, కుడికి ఇరవై డిగ్రీలు. ఆపైన నల్ల గోడ. రన్‌వే ఆ చీకటి అంచుకు జరుగుతుంటే పిల్లకు భయం, మధ్యలో కనిపించే ఒకే ఒక్క ఎర్రచుక్కను కన్ను పట్టుకుంది. నలభై గంటల అలవాటు, అసలు విమానంలోకీ వెంట వెళ్లింది.

తుడిచేస్తే సరి కదా అన్నాడు అమరనాథ్. ఆయనకేం తెలుసు. ఆ బొట్టు ఎవరు పెట్టిందో వర్షిణికి మాత్రం నేను ఎప్పుడో చెప్పి ఉన్నాను. వద్దంది, చూడకుండా ఉంటానంది. ఇంకో రెండుసార్లు దిగింది, రెండుసార్లూ గడ్డిలోనే. చూడకూడదనుకున్న కొద్దీ కన్ను అక్కడికే పోతుంది మరి.

గంగప్ప గుడ్డ తడిపి తెచ్చాడు. నూనె కుంకుమ ఎండి అద్దానికి పట్టేసింది, మూడుసార్లు రుద్దినా పోలేదు. చివరికి గోటితో గీకాడు. నేను తల తిప్పుకున్నాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, బల్ల దగ్గరికెళ్లి గాలి మళ్లీ పెట్టాడు.

అయిదో ప్రయత్నానికి వర్షిణి రన్‌వేను ఎడమ పక్కనే ఉండనిచ్చింది. ఆఖరి క్షణంలో పెడల్ తొక్కింది. చక్రాలు నడిగీత మీద పడ్డాయి. మిగిలిన రెండు రోజులూ గంగప్ప గాలి కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు, రన్‌వే తెర అంచుకు తగిలేదాకా.

శనివారం మధ్యాహ్నం వర్షిణి ఫోన్ చేసింది. గట్టెక్కింది. గంగప్పకు చెప్పాను. "మంచిదమ్మా" అని ఎక్కడో పెట్టిన స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాడు. ఇంత రాయి అయిపోయాడేమిటని నాకు కోపం కూడా వచ్చింది.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి ఆయన అద్దం తుడుస్తున్నాడు. మధ్యకు వచ్చాక చెయ్యి అలవాటుగా గుండ్రంగా తిరిగింది. ఆగింది. ఇంకొంచెం పైన మళ్లీ తిరిగింది. అక్కడా ఆగింది.

"యాడ ఉండె ఆశా, అది?" అన్నాడు.

దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించబోయాను. ఇక్కడా, ఇంకొంచెం కిందా? రోజూ చూసినదాన్నే, చెప్పలేకపోయాను. అద్దం అంతా ఒకేలా ఉంది.

గంగప్ప పైలట్ సీట్లో కూర్చున్నాడు. పొడుగు మనిషి, కళ్లు అద్దం పై అంచుకు వచ్చాయి. సీటు కిందికి దించాడు, చాల్లేదు. నడుము వంచాడు, మెడ కుదించాడు, అలా దిగి దిగి కదిరమ్మ అంత ఎత్తుకు వచ్చాక సూటిగా ముందుకు చూశాడు. వేలు చాచి అద్దం మీద ఒకచోట ఆనించాడు.

అప్పుడు ఏడ్చాడు. వేలు తీయకుండా, వంగినవాడు వంగినట్టే, గట్టిగా ఏడ్చాడు.

నేను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చి, తొమ్మిది గంటల పిల్లలకు పదకొండుకు రమ్మని ఫోన్లు చేశాను.