నేను పాసు చేసిన పడవ

పడవలో ఒక్కసారి కూడా కాలు పెట్టకుండా పడవకు యోగ్యతా పత్రం రాసిచ్చిన ఘనత నాది. అందులో మోసం లేదు, లంచం లేదు, తొందరపాటు కూడా లేదు. పూర్తి నిబంధనల ప్రకారం, పూర్తి తెలివితక్కువగా రాశాను.

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగిన సంగతి. జంషెడ్‌పూర్‌లో ఒక ఉక్కు కర్మాగారంలో అప్పుడు నేను బరువులెత్తే సాధనాల తనిఖీ విభాగానికి సీనియర్ మేనేజర్‌ని. క్రేన్లు, కొక్కేలు, గొలుసులు, ఉక్కు తాళ్లు, ఏది బరువెత్తినా మా సంతకం పడ్డాకే షాపులోకి వెళ్లాలి. షాపంటే మాకు దుకాణం కాదు, పని జరిగే పెద్ద షెడ్డు. మా పద్ధతి సులువు. క్రేను ఎంత బరువు మోయగలనంటుందో దానికి పావు వంతు కలిపి ఇనుప దిమ్మెలు వేలాడదీస్తాం. కాసేపు ఉంచి, ఎంత వంగిందో, దించాక వంగినదంతా వెనక్కి వచ్చిందో లేదో కొలుస్తాం. రాకపోతే ఫెయిల్. ఉద్యోగమంతా ఇదే పని కాబట్టి, పావు వంతు అదనపు బరువుతో లోకంలో దేన్నయినా తేల్చేయవచ్చని నాకు గట్టి నమ్మకం. పెళ్లి సంబంధాలు కూడా ఇలాగే చూడొచ్చని ఒకసారి ఇంట్లో అన్నాను. “మిమ్మల్ని అలా చూసుంటే మా నాన్న వెనక్కి పంపేసేవాడు” అంది మా ఆవిడ.

ఆ ఏడాది మా గ్రామాభివృద్ధి విభాగం, ఊరి అవతల కొండల మధ్య జలాశయంలో చేపలు పట్టే సొసైటీకి ఆరు చిన్న పడవలు ఇవ్వాలనుకుంది. అప్పటిదాకా వాళ్లు లారీ ట్యూబుల మీద వెదురు తడక కట్టుకుని వల వేసేవారు. మనుషుల్ని మోసే వస్తువేదైనా కొనే ముందు తనిఖీ విభాగం సంతకం ఉండాలన్నది మా నియమం. పడవలు తనిఖీ చేసే విభాగం మాత్రం మా కర్మాగారంలో లేదు. కొనుగోలు విభాగం చీఫ్ మేనేజర్ సిన్హా, నాకంటే ఒక మెట్టు పైవాడు, ఫైలు నా బల్ల మీద పెట్టాడు.

“లిఫ్టింగ్ తో లిఫ్టింగ్ హై, రావ్ సాబ్. మీ క్రేన్ పైనుంచి ఎత్తుతుంది, నీళ్లు కిందనుంచి ఎత్తుతాయి. తేడా ఏముంది?”

తేడా ఏమీ లేదని నాకూ అనిపించింది. అక్కడే మునిగాను. తడవడం తర్వాత సంగతి.

నమూనాగా ఇద్దరు తయారీదార్ల దగ్గరి నుంచి రెండు ఫైబర్ పడవలు వచ్చాయి. రెండూ పద్నాలుగు అడుగుల పొడవు. మొదటిదాని అడుగు చదును, పక్కలు నిటారుగా, పొట్టిగా ఉన్నాయి. రెండోదాని అడుగు కొంచెం గుండ్రం, పక్కలు పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకున్నాయి. ఫైల్లో వీటికి పొడవాటి నంబర్లున్నా, మేం చదును పడవ, గుండు పడవ అనే పిలిచేవాళ్లం.

జలాశయం ఒడ్డున పరీక్ష పెట్టాను. బరువులెక్కించడానికి నాతో వచ్చిన ఖలాసీల సర్దార్ పేరు గురువులు. మా దగ్గర బరువులు కట్టి ఎత్తే పనివాళ్లను ఖలాసీలంటారు. ఒకప్పుడు ఓడల మీద పనిచేసేవాళ్లకు ఉన్న పేరది. శ్రీకాకుళం తీరం నుంచి వీళ్ల తాత ఈ ఊరికి పనికొచ్చాడు. గురువులు ఈ ఊళ్లోనే భాలుబాసా అనే పేటలో పుట్టి పెరిగాడు, సెలవు దొరికితే ఖర్కాయ్ నదిలో వల వేస్తాడు. ఒక్క మనిషికి బహువచనం పేరెందుకు పెట్టారో నాకు అప్పటికి తెలీదు.

నలుగురు మనుషుల బరువూ, దాని మీద పావు వంతూ లెక్కకట్టి ఇసుక బస్తాలు వేయించాను. నీటికి పైన ఎంత అంచు మిగిలిందో స్కేలుతో కొలిచాను. దారానికి గుండు కట్టి వేలాడదీసి వంపు చూశాను. చదును పడవ పీట వేసుకు కూర్చున్న ముత్తయిదువలా కదల్లేదు. గుండు పడవ బస్తా పెట్టిన ప్రతిసారీ అటూ ఇటూ ఊగింది. చదునుకు పూర్తి మార్కులు వేసి, గుండును తిరస్కరించి, యోగ్యతా పత్రం మీద సంతకం పెట్టేశాను.

గురువులు చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“బాబూ, ఓ మాట సెప్తాను, ఏటనుకోకండి. ఇసక బత్తా లేసి నిలబడదు కదండీ.”

బస్తా బరువూ మనిషి బరువూ ఒకటేనని నేను వివరించాను. ఇంజనీరింగ్ కాలేజీలో నేర్పిన ఓపికతోనే వివరించాను.

“బరువొకటేనండి. బత్తాకి పన్నేదు, మనిసికి పనుంది. వలొచ్చినేపు మనిసి అంచుమీదికి వంగుతాడు. బత్తా వంగుతాదేటి?”

 పత్రం మీద సంతకం అప్పటికే పడిపోయింది. కాగితాన్ని సంచిలో పెట్టుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున సొసైటీవాళ్లకు చదును పడవ చూపించడానికి వెళ్లాం. సొసైటీ తరఫున లఖన్ మాఝీ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఆ నీళ్లలోనే పెరిగినవాడు. రాత్రి వేసిన వల ఉందనీ, ఈ పడవలోనే వెళ్లి లాగి చూస్తాననీ అడిగాడు. తప్పకుండా లాగమన్నాను. అంతటితో ఊరుకోకుండా, నా పడవ మీద నా నమ్మకం ఎంతో అందరికీ కనిపించాలని బూట్లతోనే నేనూ ఎక్కాను. సిన్హా ఒడ్డున టీ తాగుతున్నాడు. గురువులు తాడొకటి భుజాన వేసుకుని, ఇంకా ఒడ్డునే పడి ఉన్న గుండు పడవలో మా వెనకే వచ్చాడు.

వల దాకా హాయిగా వెళ్లాం. లఖన్ నిలబడి లాగడం మొదలుపెట్టాడు. వలకు నాచు పట్టి బాగా బరువెక్కింది. సాయం పడదామని నేనూ అతని పక్కకే వెళ్లి తాడు అందుకున్నాను. పడవ కొద్దిగా ఒరిగి నిలిచింది. చూశావా ఎంత గట్టిగా ఉందో అని లఖన్‌తో అనబోతున్నాను. ఇంకొక్క గుప్పెడు తాడు లాగామో లేదో, అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. తర్వాత ఊగడం, హెచ్చరించడం ఏమీ లేవు. తలుపు వేసినట్టు పడవ మా మీద మూసుకుంది.

నేను పైకి వచ్చి పడవ అడుగు పట్టుకున్నాను. లఖన్ రాలేదు. వల అతని చీలమండకు చుట్టుకుంది. ఎంత ఈతగాడైనా వల పట్టుకుంటే చేపతో సమానం. గురువులు నడుముకు తాడు బిగించుకుని, రెండో కొస పడవకు కట్టి, కత్తితో దూకాడు. అతను లోపల ఎంతసేపు ఉన్నాడో నేను చెప్పలేను. జీవితమంతా గడియారం చూసి బరువులు దించమన్నవాణ్ని, అప్పుడు మాత్రం గడియారం చూడలేదు. ఇద్దరూ పైకి వచ్చారు. ఒడ్డున పడుకోబెట్టాక, దగ్గు తెరిపిచ్చిన వెంటనే లఖన్ అడిగింది కోసేసిన వల గురించి.

“నయా జాల్ థా, సాహబ్.”

కొత్త వల అది. నేను నీళ్లు నమిలాను. నోటి నిండా అవే ఉన్నాయి మరి.

ఆ మధ్యాహ్నం సిన్హా నన్ను తన గదికి పిలిచాడు. పడవలిచ్చే సభ పది రోజుల్లో ఉంది, పెద్దలు వస్తున్నారు, చదును పడవకు ఆర్డరు సిద్ధంగా ఉంది. లైఫ్ జాకెట్లు వేసుకోవాలని ఒక వాక్యం కలిపి ఫైలు పంపేయమన్నాడు. పడవ మునిగింది కదా అన్నాను.

“కాగజ్ పర్ తో నహీఁ డూబీ నా, రావ్ సాబ్?”

కాగితం మీద మునగలేదు, నిజమే. కాగితం మీద తేలుతున్న ఆ పడవలో రేపు ఎక్కేది లఖన్. వెనక గుండు పడవలో తాడుతో గురువులు ఉండడు. మా విభాగంలో ఇచ్చిన పత్రాన్ని వెనక్కి తీసుకుంటే ఒక రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలి. నా హయాంలో ఆ పేజీ ఖాళీగా ఉండేది, దాన్ని చూపించి నేను కొంచెం గర్వపడేవాణ్ని కూడా. రిటైర్మెంట్ దగ్గర పెట్టుకుని ఆ పేజీ తెరిచి, నా సంతకాన్ని నేనే కొట్టేశాను. కారణం అనే గడిలో “పరీక్షించినది పడవను కాదు, బస్తాలను” అని రాశాను. సభ వాయిదా పడింది. భోజనాల హాల్లో సిన్హా నాకు గోతాఖోర్ సాబ్ అని పేరు పెట్టాడు. నదిలో మునిగిపోయినవాళ్లను వెతికి తీసే వాళ్లను ఇక్కడ అలా అంటారు. వారం తిరక్కుండా కద్మాలో మా వీధి కూరలవాడికి కూడా తెలిసింది.

తర్వాతి ఆదివారం భాలుబాసాలో గురువులు ఇంటికి వెళ్లాను. పడవ పరీక్ష ఎలా పెట్టాలో చెప్పమని అడిగాను. ఆయన మొహమాటపడ్డాడు.

“నాకేటి తెల్సండి పరీచ్చలు? మా తాత మాత్తరం తెప్పెక్కితే ముందు ఊపి సూసీవోడంట. ఊగనిదాన్ని నమ్మీవోడు కాడంట. ఊగీది ముందే సెప్తాది బాబూ, ‘ఒరే, ఇక్కడితో ఆగు’ అని. ఊగంది మాటాడకుండా ముంచెత్తాది.”

ఈ మాటనే పుస్తకాలు రెండు రకాల స్థిరత్వం అంటాయి. ఆ పుస్తకాలు నేను చదివాను, కాకపోతే మునిగాక చదివాను. చదును అడుగు చిన్న వంపుకు గట్టిగా ఎదురు తిరుగుతుంది, అందుకే ఎక్కగానే ధైర్యమిస్తుంది. కానీ ఒక హద్దు దాటితే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అంచు పొట్టిదైతే ఆ హద్దు ఇంకా దగ్గర. గుండ్రటి అడుగు మొదటి నుంచీ కంగారు పెడుతుంది. వంగేకొద్దీ విచ్చుకున్న పక్కలు నీళ్లలోకి దిగి మరింత బరువు మోస్తాయి. చదును పడవలన్నీ చెడ్డవని నేననను. ఒడ్డుకు దగ్గర్లో కూర్చుని గాలం వేసుకునేవాడికి అదే సుఖం. నిలబడి, ఒక పక్కకు వంగి, వల లాగే ఇద్దరికి మాత్రం కాదు. పడవ కొనేవాడు ముందు తానందులో కూర్చుంటాడో నిలబడతాడో చూసుకోవాలి. వెడల్పు ఆ తర్వాత.

ఇద్దరం కలిసి కొత్త పరీక్ష తయారుచేశాం. మొదట ఒక మనిషి నిలబడి మధ్య నుంచి అంచు దాకా నడవాలి. తర్వాత ఇద్దరు మనుషులు ఒకే అంచు దగ్గర నిలబడి, బండరాళ్లు నింపి నీళ్లలో ముంచిన వలను లాగాలి. ఎంత బలంతో లాగుతున్నారో చూడటానికి క్రేన్లకు వాడే లోడ్ మీటరునే తాడుకు తగిలించాం. చివరగా పడవ నిండా నీళ్లు పోసినా అది తేలాలి, దాన్ని పట్టుకుని ఇద్దరు వేలాడగలగాలి. ప్రతి పరీక్షకూ పక్కన ఇంకో పడవ, తాడు, కత్తి, ఈతగాడు ఉండి తీరాలి. చదును పడవ రెండో మెట్టులోనే మళ్లీ బోర్లా పడింది, ఈసారి మేం సిద్ధంగా ఉన్నాం. గుండు పడవ ఊగి ఊగి, వంగి వంగి, అంచుకు నీళ్లు తగలకముందే మొండికేసి నిలబడింది. లఖన్ దాన్నుంచి దిగి, ఇందులో తన భార్యను కూడా తీసుకెళ్తానన్నాడు. అంతకంటే మంచి సర్టిఫికెట్ నేనెప్పుడూ రాయలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. వస్తువుకు పరీక్ష పెట్టేటప్పుడు అది మోసే బరువును కాదు, ఆ బరువు చేసే పనిని ముందుగా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పని తెలిసినవాడు సాధారణంగా బస్తాలు మోస్తూ మన పక్కనే ఉంటాడు.

కొత్త విధానాన్ని రాసి పై అధికారుల ఆమోదానికి పంపినప్పుడు చివర్లో ఒక చిన్న క్లాజు నేనొక్కణ్నే చేర్చాను. “స్వీకరణ పత్రంపై సంతకం చేయు ప్రతి అధికారియు, ప్రతి పడవలోను, రెండవ పరీక్ష జరుగుచున్నంతసేపు నిలబడి ఉండవలెను.” భద్రతా విభాగం ఆ క్లాజును ఎంతో మెచ్చుకుని యథాతథంగా ఆమోదించింది. స్వీకరణ పత్రంపై రెండు సంతకాలు ఉంటాయి. ఒకటి తనిఖీది, అంటే నాది. రెండోది కొనుగోలు విభాగానిది.

ఆరు గుండు పడవలు వచ్చిన రోజున నా వంతు ఆరుసార్లూ పొద్దున్నే ముగించుకుని ఒడ్డుకు వచ్చాను. సిన్హా నారింజ రంగు లైఫ్ జాకెట్‌లో, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మొదటి పడవ ఎక్కాడు. లఖన్, గురువులు అతని పక్కనే ఒకే అంచున నిలబడి బండరాళ్ల వల లాగడం మొదలుపెట్టారు. పడవ తన స్వభావం కొద్దీ ఊగింది.

“రావ్ సాబ్, యే తో హిల్ రహీ హై! నేను కూర్చుంటాను!”

ఊగుతోందన్న మాట నిజమే. నేను విధానం కాగితం తీసి, కళ్లజోడు సవరించుకుని, ఆఖరి క్లాజు ఒడ్డు నుంచి గట్టిగా చదివి వినిపించాను. నిలబడే ఉండవలెను. ఇంకా అయిదు పడవలున్నాయని కూడా గుర్తు చేశాను.