రుమ్యానా పెట్టిన ఇటుక

ప్లోవ్‌దివ్‌లోని ఆ ఎనిమిదంతస్తుల మేడలో దొంగలకి భయపడేది రుమ్యానా ఒక్కతే. సెల్లారులో రెండు సైకిళ్ళూ, ఆవిడ చలికాలానికని దాచుకున్న కాల్చిన మిరపకాయల సీసాలూ పోయాక, ఇంటింటికీ తిరిగి పోట్లాడి వీధి తలుపుకి అంకెల తాళం పెట్టించింది. మర్నాడే ఎవరో మహానుభావుడు ఆ అంకెల్ని పక్క గోడమీద పెన్సిల్‌తో రాసిపెట్టాడు, చుట్టాలొస్తే ఇబ్బంది పడకూడదట! అప్పట్నుంచీ నెలనెలా అంకెలు మార్పించడం, తడిగుడ్డతో గోడ తుడవడం, తలుపు మూసుకోకుండా ఎవరో అడ్డుపెట్టిన ఇటుకని చెప్పుకాలితో తన్నడం ఆవిడ పనైపోయింది. "దొంగల్ని బొట్టుపెట్టి పిలుస్తున్నార్రా!" అని మెట్లమీద నిలబడి శాపనార్థాలు పెట్టేది. మొగుడు కిరిల్ మాత్రం రోజూ అంకెలు మర్చిపోయి కిందనుంచి కేకేసేవాడు. ఆవిడ ఐదో అంతస్తు బాల్కనీలోంచి వంగి, వీధి వీధంతా వినేలా ఒక్కో అంకే అరిచి చెప్పేది.

కిరిల్ పోయిన నలభయ్యో రోజు పొద్దున, పై అంతస్తు ప్లామెన్ దిగొచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇటుక అడ్డం పెట్టి ఉంది. పక్కనే స్టూలు మీద రుమ్యానా, ఆవిడ ఒళ్ళో పోయినవాళ్ళ పేర పంచే తీపి గోధుమల గిన్నె.

"ఏంటి పిన్నీ, ఇటుక నువ్వే పెట్టావా? దొంగల భయం తీరిపోయిందా?"

"నోర్మూసుకుని గోధుమలు తిను. ఇవాళ ఆఖరుసారి ఇల్లు చూసుకుని పోతాడటగా మీ బాబాయి. మొన్నే అంకెలు మార్పించి చచ్చాను. ఈసారి కిందనుంచి కేకేస్తే నాకు వినపడదు కదరా!"